నాలుగు ఎర్రగీతలు

మా నాయినకు నేను చెప్పిన మొదటి పెద్ద అబద్ధం చదువుతోటి వచ్చిందే. నాకు అక్షరం రాకపోయినా, ఆయనకు అక్షరం వచ్చినా ఆ అబద్ధం పుట్టేది కాదు.

1978. నేను ఆరో తరగతి. జనగామ తాలూకాలో మా ఊరు. ఊరి మురుగు ఎటు పోతదో అటు దిక్కు మా మాదిగవాడ. మా నాయిన ఒక మోతుబరి కాడ జీతమున్నడు. కోడి కూయంగ పోతే పొద్దుమీకినంక వచ్చేటోడు. వెట్టిచాకిరిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చిందని నాకు కాలేజీలో చేరినంక తెలిసింది. ఆయనకు ఎవ్వరూ చెప్పలేదు. చట్టం కాగితం మీద ఉండె. కాగితం చదివేటోడు జీతగాడు కాకపోయె.

క్వార్టర్లీ పరీక్షలైనంక బడిలో ప్రోగ్రెస్ కార్డులిచ్చి "మీ నాయిన సంతకం పెట్టించుకొని రాండ్రి" అన్నరు. ఆరు సబ్జెక్టులు. తెలుగు, సాంఘికం గట్టెక్కినయి. మిగిలిన నాలుగింట్ల మార్కుల కింద ఎర్రసిరా గీతలు. ఆ రాత్రి నాయిన కాళ్లు కడుక్కొని గడపలో కూసున్నంక కందిలి ముందట కార్డు పెట్టిన. ఆయన రెండు చేతులతోటి పట్టుకున్నడు, పసిపిల్లను పట్టుకున్నట్టు. తలకిందులుగ పట్టుకున్నడని నేను చెప్పలేదు.

"గీ ఎర్రగ గీసినయి ఏందిరా?"

"మంచి మార్కులొస్తే అట్ల గీస్తరు నాయినా."

ఆయన వేలితోటి లెక్కవెట్టిండు. "నాలుగున్నయి. అన్ని కలిసి ఎన్ని ఉంటయి?"

"ఆరు."

"అయితే వచ్చేసారి ఆరుకు ఆరు రావాలె బిడ్డా."

లోపల్నుంచి మా అవ్వ విని సంబురపడ్డది. నాయిన బొటనవేలికి నేనే సిరా పూసిన. ఎర్రగీతల పక్కన నీలి వేలిముద్ర పడ్డది. తెల్లారి వాడల నలుగురికి చెప్పుకున్నడు, మావోనికి నాలుగు ఎర్రగీతలొచ్చినయని.

ఎందుకు అబద్ధమాడిన? దెబ్బలకు భయపడి కాదు. తప్పిన పిల్లగాన్ని బడి మాన్పించి జీతం పెడ్తరని భయం. ఒకటో తరగతిలో నాతోపాటు కూసున్న మావాడ పిల్లలు ఆరుగురం. ఐదుగురు అప్పటికే బర్ల కాడికి పోయిండ్రు. నాయినకు నిజం తెలిస్తే ఆరోవాణ్ని నేనే అనుకున్న. అబద్ధం నన్ను బడిలో నిలబెట్టిందని చాన ఏండ్లు నమ్మిన. నమ్మడమే కాదు, గర్వపడ్డ.

హాఫ్‌ఇయర్లీ పరీక్షలకు మూడు గీతలొచ్చినయి. నాయిన కార్డు చేతికి తీసుకోకముందే "ఎన్ని?" అని అడిగిండు. మూడు అన్న. "తగ్గినయి" అన్నడు. అంతే. వేలు సాపిండు. ఆరుకు ఆరు రావాలె అన్న మాట మళ్లీ అనలేదు. ఆయనకు బాధైందనుకొని నేను తలొంచుకున్న. ఆ ఒక్క మాటకు అసలు అర్థం నాకు డిగ్రీ చదివే రోజుల్లో తెలిసింది. మా అవ్వ చెప్పింది. మోతుబరి కొడుకు నా తరగతే. ఆ పిల్లగాడు ఇంట్లో చెప్పిండు. కొట్టంల ఎడ్లు కట్టేస్తున్న నాయినను పిలిచి నలుగురి ముందట నవ్విండట ఆయన, "ఎర్రగీతలంటే తప్పినట్టురా ఎర్రోడా" అని. క్వార్టర్లీ అయిన నెలకే మా నాయినకు అంత తెలుసు. తెలిసి నన్ను కొట్టలేదు, తిట్టలేదు, బడి మాన్పియ్యలేదు. గీతలు ఎన్ని తగ్గినయో లెక్కవెట్టుకుంటూ కూసున్నడు.

ఇది నా ఒక్కని ఇంటి ముచ్చటైతే ఇక్కడ రాయాల్సిన పని లేదు. ముప్పై ఏండ్లకు పైగా పంతులుగ పనిచేస్తున్న. ఈ ముప్పై ఏండ్లల్ల ఆ కార్డు నా ముందుకు ఎన్నో రూపాల్లో వచ్చింది. అప్పుడు నేను కొడుకును, ఇప్పుడు ఎర్రసిరా కలం నా చేతిల ఉన్నది. ప్రశ్న మాత్రం అదే. చదవలేని తల్లికి, తండ్రికి వాళ్ల పిల్లల గురించి నిజం చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? "చెప్తే వాళ్లు తట్టుకోలేరు", "చెప్పినా వాళ్లకు అర్థం కాదు" అని నిర్ణయించే హక్కు మనకు ఎవరిచ్చిండ్రు?

స్టాఫ్‌రూంలల్ల ఒక మాట నేను విననిరోజు లేదు. "వీళ్ల తల్లిదండ్రులకు అవగాహన లేదండీ." పిల్లగాడు రాకపోతే అవగాహన లేదు. వచ్చి చదవకపోతే అవగాహన లేదు. ఈ మాట వినబడ్డప్పుడల్లా నాకు మా నాయిన ఒకేఒక్కసారి మా బడికి వచ్చిన రోజు యాదికొస్తది. ఊరందరి చెప్పులు కుట్టిన మనిషి బడి మెట్ల కాడ తన చెప్పులు ఇడిసిండు. వరండా ఎక్కలేదు. కింద నిలబడి, "మావోడు ఎట్ల సదువుతుండు దొరా?" అని అడిగిండు. తన కంటే పదేండ్లు చిన్నవాడైన ఆ పంతులు "నీకు చెప్తే ఏమర్థమైతదిరా, పోయి పనిచూసుకో" అన్నడు. నాయిన మళ్లీ రాలేదు. రాకపోవడం చూసినోళ్లు అవగాహన లేదన్నరు. వచ్చినప్పుడు ఏమైందో ఎవరూ రాసుకోలేదు.

జనగామ నేల అడగడం రాని నేల కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయిండు. పాలకుర్తి అయిలమ్మ తన పంట కోసం విసునూరు దేశముఖును ఎదిరించి నిలబడ్డది. ఆ తరం గడీని అడిగింది. బడిని అడిగేటందుకు మాత్రం మనోళ్లకు ఇంకా చాన ఏండ్లు పట్టింది. కారణముంది. గడీ గుంజుకున్న భూమి కండ్లకు కనబడ్తది. బడి ఏమిచ్చిందో, ఏమియ్యలేదో చదువు రానోనికి కనబడదు. పైగా చదువు భాష మన ఇంటి భాష ఎన్నడూ కాలేదు. మా తాత కాలంలో రాజ్యం చదువు ఉర్దూల ఉండె. నా కాలంలో పుస్తకాల తెలుగుల ఉండె. అది మా వాడ తెలుగు కాదు. ఇప్పుడు ఇంగ్లీషుల ఉన్నది. మూడు తరాల తండ్రులు బడి బయట నిలబడి, లోపల వేరే భాషల నడుస్తున్న పని మీద నమ్మకం పెట్టుకున్నరు.

1994లో నాకు పంతులు ఉద్యోగం వచ్చింది. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండె. 2016 అక్టోబరు 11న మూడూ వేరు వేరు జిల్లాలైనయి. నన్ను మొదట మహబూబాబాద్ దిక్కు, మనోళ్లు మానుకోట అంటరు, ఒక తండా పక్క బడికి వేసిండ్రు. అక్కడ ఒక లంబాడ పిల్లగాడుండె. రెండో తరగతి. నోరు తెరిచేటోడు కాదు. నా కంటే ముందున్న పంతులు "మందబుద్ధి" అని చెప్పిపోయిండు. నేను గూడ నమ్మిన. ఒకనాడు ఆ పిల్లగాని తల్లి వచ్చి, "సారూ, మా పిల్లగాడు బడిల మూగోడట గద. ఇంట్ల మాట్లాడ్తడు. బడికి వస్తే మూగోడు ఎట్లయితడు?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. ఆ ఆదివారం తండాకు పోయిన. పిల్లగాడు వేపచెట్టు కింద చెల్లెకు కథ చెప్తున్నడు. ఆగకుండ, చేతులు తిప్పుకుంటూ, లంబాడల. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ చెట్టు కింద మూగోణ్ని నేను.

పిల్లగాడు నాలుగేండ్లు ఇంట్ల నేర్చుకున్న భాషను బడి గడప కాడ ఇడిసి రమ్మన్నం, మా నాయిన చెప్పులిడిసినట్టు. తర్వాత 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లలకు మొదటి తరగతులు వాళ్ల మాతృభాషలో చెప్పే ప్రయత్నం మొదలైంది. దాంట్లో బంజారా, కోయ భాషలు ఉన్నయి. 2020 జాతీయ విద్యావిధానం గూడ వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలో చెప్పాలన్నది. ఇవన్నీ రాకముందే ఆ తల్లి అడిగిన ఒక్క ప్రశ్నలో అదంత ఉన్నది. ఆమెకు అవగాహన లేదని ఎవరంటరు? లేనిది మాకు. ఆమెకు బిడ్డ తెలుసు. మాకు రిజిస్టరు తెలుసు.

ఆ సంగతితోటి నేను మారిపోయిన అని రాస్తే మళ్లీ అబద్ధమైతది. మారలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ అదే తరగతిలో ఆపొద్దన్నరు. తప్పిండన్న మాట పిల్లగాని గుండెను పగలగొడ్తదని నాకు తెలుసు కాబట్టి నేను గూడ మంచిదే అనుకున్న. మా బడిలో మావాళ్ల పిల్ల ఒకతి ఉండె. తల్లి కైకిలి చేసేది. తండ్రి లేడు. మూడో తరగతి నుంచి ఐదు దాకా తల్లి కనబడ్డప్పుడల్లా "నా బిడ్డ ఎట్ల సదువుతుంది సారూ" అనేది. "మంచిగనే చదువుతుందమ్మా" అనేటోణ్ని. పొద్దంత ఎండల పనిచేసి వచ్చిన మనిషికి ఇంకో బరువు ఎందుకెత్తాలె అనుకున్న. దాన్ని దయ అనుకున్న.

ఆ పిల్ల హైస్కూలుకు పోయింది. తొమ్మిదో తరగతిలో ఉండంగ తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పిల్లకు రెండో తరగతి తెలుగు పుస్తకం గూడ చదువరాదని అక్కడ చెప్పిండ్రట. నా మీద అరుస్తదనుకున్న. అరవలేదు. "గప్పుడే చెప్తే ఏదన్న చేసుకుందుం గద సారూ. ఎవరినన్న అడుగుదుం. రాత్రిపూట కూసోబెడుదుం. మీరు మావోళ్లే గద, మీరన్న చెప్తరనుకున్న" అన్నది.

"మీరు మావోళ్లే గద." పై కులపు పంతులు మా నాయినకు చెప్పలేదు, ఆయన లెక్కలో మా నాయిన మనిషి కాదు గనుక. నేను ఈమెకు చెప్పలేదు, నా లెక్కలో ఈమె తట్టుకోలేదు గనుక. రెండు లెక్కల ఫలితం ఒక్కటే. పిల్ల గురించి నిర్ణయం జరిగే చోట తల్లి లేదు. మొదటిదాన్ని అవమానం అంటున్నం. రెండోదాన్ని దయ అంటున్నం. దయ పేరు మీద జరిగేది గూడ అంటరానితనమే అని నాకు ఆ రోజు తెలిసింది. మనిషిని ముట్టకుండ ఉంచినట్టే, నిజాన్ని ఆమె ముట్టకుండ ఉంచిన.

చట్టం తీసి మళ్లీ చదివిన. దాని 24వ సెక్షన్ పంతులు చేయాల్సిన పనులు చెప్తది. అందులో ఒకటి, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండ సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ఎంతవరకు నేర్చుకున్నరు అన్న సంగతులు వాళ్లకు తెలియజెయ్యడం. అంటే తెలుసుకోకపోవడం తల్లిదండ్రుల తప్పని చట్టం అనలేదు. తెలియజెయ్యడం పంతులు డ్యూటీ అన్నది. అవగాహన లేదని స్టాఫ్‌రూంల ఎన్నిసార్లు అంటిమో, అన్నిసార్లు మా డ్యూటీ మేం చెయ్యలేదని మేమే ఒప్పుకున్నట్టు.

అదే చట్టం 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీల సంగతి చెప్తది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలె, సగం మంది ఆడవాళ్లుండాలె. నేను ఆ తీర్మానాల పుస్తకం ఎట్ల నింపిన్నో చెప్త. తీర్మానం నేనే రాసిన. పుస్తకం సంకలో పెట్టుకొని నాట్ల కాడికి, కల్లాల కాడికి తిరిగి వేలిముద్రలు వేయించిన. "ఏం రాసిండ్రు సారూ?" అని అడిగినోళ్లకు "ఏంలే, బడి పని" అన్న. 1978ల నాయిన వేలికి సిరా పూసిన చెయ్యే అది. 2024లో మన రాష్ట్రంలో మహిళా సంఘాలతోటి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు గూడ పెట్టిండ్రు. పేరు ఏదైనా, రాసింది చదివి వినిపియ్యకుండ వేలు పెట్టించుకుంటే అది కమిటీ కాదు, జీతం కాగితం.

ఆ తల్లి వచ్చి పోయినంక చిన్న పని ఒకటి మొదలుపెట్టిన. సమావేశం పొద్దున పదింటికి పెడితే కైకిలోళ్లు రారు, ఒక పూట కూలి పోతది. అందుకని పొద్దుమీకి, కూలి నుంచి వచ్చి బువ్వ తిన్నంక, వాడలనే కూసున్నం. నేను మాట్లాడ్డం తగ్గించి పిల్లలతోటి చదివించిన. పాఠ్యపుస్తకం కాదు. పుస్తకం కంఠతా వస్తది, చదువు రాని అవ్వను సులువుగ మోసం చెయ్యొచ్చు, నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? అందుకే అవ్వకు ముందే సంగతి తెలిసిన కాగితం చదివించిన. రేషన్‌కార్డుల ఇంటోళ్ల పేర్లుంటయి. ఉపాధి హామీ జాబ్‌కార్డుల ఎవరు ఎన్ని రోజులు పనిచేసిండ్రో ఉంటది. పిల్ల తప్పు చదివితే అవ్వ పట్టుకుంటది, అక్షరం రాకున్నా. లెక్కలకు గూడ అంతే. కిలోకు ఇంతని పత్తి ఏరిన కూలి, వారం మొత్తం ఎంతయిందో పిల్లగాన్ని చెయ్యమన్నం. తల్లి నోటిలెక్క చేసి పెట్టుకునే ఉంటది. ఇద్దరి లెక్క కలిసినరోజు ఆ ఇంట్ల చదువు వచ్చినట్టు, ఏ మార్కుల కాగితం అక్కరలేదు.

అట్ల కూసుంటే ప్రశ్నలు వచ్చినయి. అవి అవగాహన లేనోళ్ల ప్రశ్నలు కావు. "తప్పినా పై తరగతికి పంపుతున్నరు గద, మరి వెనకబడ్డదాన్ని ఎవరు నింపుతరు?" ఇది చట్టం చేసినోళ్లను అడగాల్సిన ప్రశ్న. 2019లో ఆ చట్టాన్ని సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చిండ్రు. ఆపినా, పంపినా ఆ తల్లి ప్రశ్న అట్లనే ఉన్నది. నింపేది ఎవరు? "2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టిండ్రు గద, మా పోరలకు వస్తదా?" అని ఒకాయన అడిగిండు. తెలుగు పోతదని బాధపడే పెద్దమనుషులు పట్నంల చానమంది ఉన్నరు. వాళ్ల పిల్లలు ఇంగ్లీషుల చదివినప్పుడు ఈ బాధ రాలేదు. ఇంగ్లీషు మనకు కావాల్నే. అయితే ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు ఇంగ్లీషు అచ్చేసిన పుస్తకం చేతికిచ్చినంత మాత్రాన ఇంగ్లీషు రాదు, చెప్పేటోడు ఉండాలె, పిల్లకు అర్థమైన భాష నుంచి మెల్లగ తీసుకపోవాలె అని చెప్పిన. ఆయన వెంటనే "మరి మీకు వస్తదా సారూ?" అన్నడు. అందరూ నవ్విండ్రు, నేను గూడ. కాని అది నవ్వులాటకు అడిగింది కాదు.

ఇంకొకాయన పాత మాట అన్నడు, "బొక్కలు మావి, తోలు మీది, కొట్టి చదివియ్యుండ్రి" అని. పిల్లల్ని కొట్టడం, మనసు గాయపరచడం చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని చెప్పొచ్చు. నేను అది చెప్పలేదు. "తోలు పని చేసిన కులం మనది. తోలు తీసేది సచ్చిన పశువుకు గదనే" అన్న. ఆయన చాన సేపు మాట్లాడలేదు.

2014లో నేను భూపాలపల్లి దిక్కు వచ్చిన. బొగ్గుబాయిలు ఒక దిక్కు, అడవి ఇంకొక దిక్కు. మా బడి ఆవరణలోనే అంగన్‌వాడీ. అక్కడ చిన్నపిల్లల జబ్బకు ఒక టేపు చుట్టి కొలుస్తరు. పన్నెండున్నర సెంటీమీటర్ల పైన ఉంటే ఆకుపచ్చ. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా పసుపు. పదకొండున్నర కంటే తక్కువైతే ఎరుపు. ఎరుపంటే బిడ్డ తిండి లేక ప్రమాదంల ఉన్నట్టు. ఒకనాడు ఒక కోయ తల్లి బిడ్డ చేతికి టేపు ఎరుపు కాడ ఆగింది. రాసుకున్నరు. "ఏందమ్మా ఎర్రగ వచ్చింది?" అని ఆమె అడిగింది. "ఏంలేదు, మంచిగ తినిపియ్" అన్నరు. తలుపు కాడ నిలబడి వింటున్న నాకు మా గుడిసెల కందిలి కనబడ్డది. ఆమెను కూసోబెట్టి మూడు రంగుల సంగతి చెప్పించినం. ఆమె ఏడవలేదు. "గీ రంగు మారనీకి ఎన్నొద్దులు పడ్తది? ఏం పెట్టాలె? ఎక్కడికి పోవాలె?" అని మూడు ప్రశ్నలు వరుసగ అడిగింది. ఆ మూడో ప్రశ్నకు జవాబుగ ఆ బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకపోయిండ్రు. "ఏంలేదు" అన్న మాట దగ్గర ఆమె లేచిపోతే ఈ మూడు ప్రశ్నలు పుట్టేవి కావు.

ఇక్కడ నన్ను ఆపి మీరు అడగొచ్చు. నిజం చెప్తే పిల్లల్ని మాన్పిస్తరు గద, ఆడపిల్లైతే పెండ్లి చేస్తరు గద అని. నా తోటి పంతుళ్లు, మన ఉద్యమంల మిత్రులు గూడ అడిగిండ్రు. దీనికి నా దగ్గర సుఖమైన జవాబు లేదు. ఎందుకంటే అది నా చేతుల మీదనే జరిగింది. ఒక తండ్రి బస్టాండ్ల కలిసి అడిగితే, బస్సు ఎక్కుతూ "మీ పిల్ల చాన వెనకబడ్డది, పదో తరగతి కష్టం" అన్న. నిజమే అన్న. నాలుగు రోజులకు పిల్ల బడి మానింది. మూడుసార్లు ఇంటికి పోయిన. పదో తరగతి చదవాల్సిన ఏడు ఆ పిల్ల మిర్చి ఏరే కైకిలికి పోయింది. ఆ పిల్లకు నేను బాకీ ఉన్న. ఈ వ్యాసం రాస్తే అది తీరదు.

కాని ఆ సంగతిని తిప్పి తిప్పి ఆలోచిస్తే నాకు ఒకటి కనబడ్డది. నేను చెప్పింది సగం నిజం. పిల్ల వెనకబడ్డదని చెప్పిన. ఆ పిల్ల చదివిన ప్రాథమిక బడిలో ఐదు తరగతులకు ఒక్కడే పంతులున్న సంగతి చెప్పలేదు. ఏండ్ల తరబడి లెక్కల పంతులు లేడని చెప్పలేదు. ఇప్పట్నుంచి రోజుకు గంట కూసుంటే ఏమేమి నేర్వొచ్చో చెప్పలేదు. తప్పంత పిల్ల మీద వేసి, దాన్ని నిజం అన్న. తీర్పు చెప్పి బస్సెక్కిన. బడి తన వాటా తప్పును దాచుకొని పిల్ల తప్పును మాత్రమే చదివి వినిపిస్తే అది గూడ అబద్ధమే, "మంచిగనే చదువుతుంది" అన్న అబద్ధానికి అన్న వరసది. పూర్తి నిజంలో మూడుంటయి. పిల్ల ఎక్కడుంది, బడి ఏం చేసింది, రేపు ఎవరు ఏం చెయ్యాలె. ఈ మూడూ చెప్పినంక గూడ ఏ తండ్రన్న మాన్పిస్తే అప్పుడు ఆయనతో కొట్లాడొచ్చు. చెప్పకముందే ఆయన మాన్పిస్తడని తేల్చి నోరు మూసుకుంటే మనం ఆయనను మనిషిగ లెక్కవెట్టనట్టు.

అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంల పంతులుగ చేసినవాడు. కొడుకు అడిగిన పుస్తకాల కోసం పెండ్లయిన బిడ్డల నగలు కుదువపెట్టిచ్చిన తండ్రి. ఆ కొడుకు ఏం చదువుతున్నడో చూసే కండ్లు ఆయనకు ఉన్నయి. మన ఇండ్లల్ల నగలు లేకపోవడం ఒక్కటే పేదరికం కాదు, ఆ కండ్లు లేకుండ చెయ్యడం అసలు పేదరికం. ఫూలే దంపతులు ఈ సంగతి ముందే పసిగట్టిండ్రు. 1848లో పుణెలో పిల్లలకు బడి పెట్టినోళ్లు 1855లో కష్టజీవులకు రాత్రిబడి పెట్టిండ్రు. అదే 1855లో వాళ్ల బడిలో చదివిన ముక్తా సాల్వే అనే పద్నాలుగేండ్ల పిల్ల మాంగులు, మహార్ల దుఃఖం గురించి వ్యాసం రాసింది. మాంగులంటే మహారాష్ట్రల మన మాదిగలసొంటోళ్లు. బిడ్డకు, తల్లికి ఒక్కసారే అక్షరం అందాలన్న తొవ్వ అది. మనదగ్గర గూడ 1990ల మొదట్ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడవాళ్లు రాత్రిబడిల చదివిన ఒక పాఠం నుంచి సారా మీద కొట్లాటకు లేచిండ్రు. పెద్దోళ్ల చేతిల అక్షరం పడితే అది ప్రశ్న అయితది. 

చదువుకుంటున్న తమ్ముండ్లకు, చెల్లెండ్లకు, వాడల్ల తిరిగే కార్యకర్తలకు ఒక మాట. మనం పంతుళ్లను, సర్కారును అడుగుతున్నం, అడగాలె. ఐదు తరగతులకు ఒక్క పంతులు ఎందుకున్నడో, కమిటీ పుస్తకంల ఏం రాసిండ్రో చదివి వినిపియ్యమని ఊరూరా అడగాలె. కాని మన ఇండ్లల్ల గూడ ఒక స్టాఫ్‌రూం ఉన్నది. సెలవులకు ఇంటికి పోతం. తండ్రి "ఏం సదువుతున్నవు బిడ్డా, ఇది అయినంక ఏమైతది?" అంటడు. ఫోన్ల కండ్లు పెట్టి "నీకు తెల్వదులే నాయినా" అంటం. ఆ మాట ఎవరి నోట్ల పుట్టింది? మా నాయినను మెట్ల కాడ నిలబెట్టిన ఆ పంతులు నోట్ల. మనం ఆయన కుర్చీ సంపాదించుకున్నం, ఆ మాటను గూడ సంపాదించుకున్నం. తప్పిన సబ్జెక్టు సంగతి, రాని స్కాలర్‌షిప్ సంగతి, పట్నంల తిన్న అవమానం సంగతి వాళ్లకు చెప్పం. వాళ్లు తట్టుకోలేరంటం. ఆకలిని, జీతాన్ని, దొరను తట్టుకున్నోళ్లు మన మార్కులను తట్టుకోలేరా?

మా నాయిన 2009లో పోయిండు. పోయే ముందు ఆరు నెలలు మంచంల ఉన్నడు. ఒక రాత్రి పక్కన కూసొని ధైర్యం చేసి అడిగిన. "ఎర్రగీతల సంగతి నీకు ఎరుకేనట గద నాయినా. నన్ను ఒక్క మాట గూడ ఎందుకనలే?"

ఆయన చాన సేపు పైకప్పు దిక్కు చూసిండు. నిద్రపట్టిందనుకున్న.

"నువ్వే చెప్తవని చూసిన బిడ్డా" అన్నడు.

ముప్పై ఏండ్లు చూసిండు. నేను చెప్పలే.